దారం లేని పిందెలు

మోదుగ పూత. కుప్పలవాగు స్టేషన్.

వసంతం గురించి పాటలు కట్టినవాళ్ళెవరూ తెల్లవారకముందే గుమ్మడి పాదులో నడుం వంచినవాళ్ళు కారు. ఇది నా గట్టి అభిప్రాయం. ఈ ఏడాది కూడా మా రైలుబండి దినచర్య రాసే బాధ్యత నాకే అప్పగించారు కాబట్టి నా అభిప్రాయాలు కూడా ఇందులోనే ఉంటాయి. నచ్చనివాళ్ళు వచ్చే ఎన్నికల్లో సమతను, అంటే నన్ను, దింపేసి ఇంకొకరిని మా కూలీల సంఘం కార్యదర్శిగా ఎన్నుకోవచ్చు. పదవికి నేనేమీ తాళం వేసుకోలేదు.

నిన్న సాయంత్రం ఇక్కడికి చేరాం. పట్టాలకు రెండువైపులా మోదుగ చెట్లు ఒక్క ఆకు లేకుండా నిలువునా ఎర్రబడి ఉన్నాయి. బండి కప్పు మీది సోలార్ పలకలపై రాలిన పూలు ఊడ్చడానికే పొద్దున రెండు ముఠాలు పట్టాయి. ఊడుస్తూ అందరూ తిట్టుకున్నారు, అందరూ నవ్వుకున్నారు. డ్రైవర్ రాజలింగు ఒక పూలకొమ్మ తెచ్చి ఇంజను ముందు కట్టి, బండి ఇవాళ పెళ్ళికూతురని ప్రకటించాడు.

తర్వాత మామూలు పనులు. కుంచెలు ఉతికి ఆరేశాం. పుప్పొడి భరిణెలు తుడిచి నడుములకు కట్టుకున్నాం. దారం ఉండలు నేను పంచాను: మా ముఠాకు పసుపు, మేస్త్రి బక్కన్న ముఠాకు నీలం, తక్కినవాళ్ళకు తక్కిన రంగులు. మగపువ్వు పొడి కుంచెకు పట్టించడం, ఆడపువ్వుకు అద్దడం, అద్దిన పువ్వు తొడిమకు మన రంగు దారం కట్టడం. బుద్ధెరిగినప్పటి నుంచీ ఇదే పని. దారం చూసే ఊరు మాకు జొన్నలూ నీళ్ళూ ఇస్తుంది. దారం పడని పువ్వు వెనకాల పిందె పసుపుబారి రాలిపోతుంది. లోకంలో తేనెటీగలన్నీ చచ్చిన కాలం నుంచి ఇదే న్యాయం. మందు కొట్టి చంపినవాళ్ళు ఒకరు, వంగి అద్దుతున్నవాళ్ళు ఇంకొకరు. ఈ మాట ప్రతి ఏడాదీ రాస్తాను. ప్రతి ఏడాదీ రాయాల్సిందే.

పూత ఎక్కడుంటే మేం అక్కడ ఉంటాం. దక్షిణాన మునగతో మొదలుపెట్టి, గుమ్మడి, సొర, బీర అంటూ పైకి పోయి, ఇక్కడ ఎండలు ముదిరేసరికి ఉత్తరాది కొండల్లో చలిలో ఉంటాం.

మధ్యాహ్నం తోటలు చూసి వద్దామని వెళ్ళాను. పాదుల్లో ఒక విచిత్రం కనబడింది. మేం ఇంకా కుంచె పెట్టనే లేదు. అప్పటికే కొన్ని పిందెలు నిమ్మకాయంత పెరిగి, పచ్చగా గట్టిగా ఉన్నాయి. తొడిమ తిప్పి చూశాను. దారం లేదు.


గుమ్మడి తొలిపూత.

దారం లేని పిందెలు పెరుగుతున్నాయి. మన దారం కట్టినవాటి పక్కనే, మనం తాకని తీగల మీద, గట్టు అవతల, ఎక్కడ చూసినా అవే.

నాకు ఒళ్ళు మండింది. ఇది దొంగపని. ఎవరో మాకంటే ముందే వచ్చి, దారం కట్టకుండా, అంటే పేరు చెప్పుకోకుండా, తక్కువ కూలికి పని చేసి పోతున్నారు. మా పొట్ట మీద కొట్టడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఏదో కంపెనీ డ్రోన్లు దింపిందని రాజలింగు అనుమానం. డ్రోనైనా, మనిషైనా వెనకాల లాభం తినేవాడొకడు ఉంటాడని నా సిద్ధాంతం.

సాయంత్రం ఊరి తోటల సంఘం పెద్ద లస్మవ్వ బండి దగ్గరికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మెట్టు ఎక్కకుండానే, కింద నిలబడే విషయం చెప్పింది. దారం ఉన్న పిందెకే జొన్నలిస్తుందట. సగం తోటలో దారం లేదు గనుక ఈసారి సగమే ఇస్తుందట. ఆ పిందెలు ఎవరి పని అని గట్టిగా అడిగాను.

"నాకేమెరుక బిడ్డా. నేనైతె ఎవ్వల్ని పిలువలె. మంచిగ కాస్తున్నయి, నేనెందుకు కాదంట?" అంది లస్మవ్వ.

సగం జొన్నలంటే ఉత్తరాది కొండల దాకా వెళ్ళడానికి చాలవు. ఈ ఊళ్ళో సగం, వచ్చే ఊళ్ళో పావు, ఆ పై ఊళ్ళో గేటే తెరవరు. అప్పుడు బండి ఎక్కడో పట్టాల మీద ఆగిపోతుంది, అందులో బతుకుతున్న ఇన్ని కుటుంబాలతో సహా. లస్మవ్వ మాటల వెనక నాకు వినబడింది అదే.

కూర్చుని ఒక కరపత్రం రాశాను. ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను, ఎందుకంటే బాగా వచ్చింది.

"మా కంట పడని తోటి కూలీలారా! మీరు ఎవరైనా సరే, మాకు శత్రువులు కారు. మిమ్మల్ని చవగ్గా కొనుక్కున్నవాడే మీకూ మాకూ శత్రువు. చాటుగా వచ్చి పని చేసి పోవడం మీ గౌరవానికి తగదు. రండి, ఎదురుపడి మాట్లాడండి. సభ్యత్వం ఇస్తాం. దారం ఇస్తాం. అంబలి పోస్తాం. లేదా పర్యవసానాలకు మీరే బాధ్యులు."

పుల్లలకు గుచ్చి పాదు పాదుకూ ఒకటి పాతించాను. బక్కన్న ఆ పుల్లలు తీగలకు అడ్డమని విసుక్కున్నాడు. తెల్లవారుజామున కాపలా కూర్చోవాలని తీర్మానించాం. మొదటి వంతు నేనే తీసుకున్నాను. ఎదురుపడి తిట్టే అవకాశం వేరేవాళ్ళకు వదిలే మనిషిని కాను.


గుమ్మడి నిండుపూత.

చెప్పినా నమ్మరు. కానీ బండి బండంతా చూసింది కాబట్టి నమ్మక తప్పదు.

తూర్పు తెల్లబడే వేళకు పాదు మధ్యలో గొంతుకూర్చున్నాను. పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. చల్లటి గాలి, తడి మట్టి వాసన. ఏ మనిషీ రాలేదు. కాసేపటికి ఒక సన్నటి రొద మొదలైంది. ఎవరో నోరు తెరవకుండా పాడుతున్నట్టు. డ్రోన్లే, సందేహం లేదనుకున్నాను. చూస్తుండగానే వేలెడంత కూడా లేని యంత్రం ఒకటి వచ్చి నా ముందున్న మగపువ్వులో దిగింది. నేను ఆలస్యం చేయలేదు. పువ్వు రేకులు ఐదూ కలిపి పిడికిట్లో మూసేసి, తుంచుకుని, పట్టాల వెంట పరుగెత్తాను. పిడికిట్లో పువ్వు గజగజ వణుకుతోంది.

బండి వంటపెట్టెలో అందరూ అంబలి తాగుతున్నారు. సాక్ష్యం దొరికిందని అరిచి, బల్ల మీద ఎక్కి, ఉపన్యాసం అందుకున్నాను. ఇంత చిన్న యంత్రం చేయగల తెలివి ఉన్నవాడికి, ఆ తెలివితో మా వంగిన నడుములకు ఏం చేయాలో తోచలేదా అని అడిగాను. చేతిని యంత్రం చేసినవాళ్ళు, ఇప్పుడు యంత్రాన్ని చేయి చేసి మమ్మల్ని వీధిన వేస్తున్నారని చెప్పాను. చెబుతూ పువ్వు విప్పి బల్ల మీద పెట్టాను.

అది బయటికి నడిచి వచ్చింది. ఒళ్ళంతా పుప్పొడి. ఆగి, ముందుకాళ్ళతో ముఖం తుడుచుకుంది. వెనకకాళ్ళకు చెరో పసుపు ఉండ అంటుకుని ఉంది, మా నడుములకు భరిణెలు వేలాడినట్టు.

రాజలింగు వంగి చూశాడు. "అక్కా, గా కంపెనోడు దీనికి గిన్ని ఎంటికలెందుకు పెట్టిండు?" అన్నాడు. మళ్ళీ వాడే గొంతు తగ్గించి అన్నాడు: "రెండో తరగతి పుస్తకంల బొమ్మున్నది సూడు... గదే ఇది. తేనెటీగ."

నా జన్మలో ఉపన్యాసం మధ్యలో ఆపడం ఇదే మొదటిసారి.

ఈగ రెక్కలు విదిలించి కిటికీలోంచి వెళ్ళిపోయింది. అంబలి గిన్నెలు ఎక్కడివక్కడ వదిలేసి అందరం దాని వెనక పడ్డాం. అది మాకంటే వేగంగా పోయింది గానీ, దాని దారిలోనే ఇంకొకటి, ఇంకొకటి. వాటిని చూసుకుంటూ పోతే పాత స్టేషన్ నీళ్ళ ట్యాంకు. ట్యాంకు అడుగున చాటంత తుట్టె వేలాడుతోంది. నల్లగా, నిగనిగలాడుతూ, మీద గాలి వీచినప్పుడల్లా అల ఒకటి పై నుంచి కిందికి జారుతోంది. ఆ నలుపంతా ప్రాణాలే.

మా వాళ్ళలో చాలామంది ఏడ్చారు. ఎందుకేడ్చారో ఎవరూ ఎవరినీ అడగలేదు. రాజలింగు మరీ దగ్గరికి వెళ్ళి ముక్కు మీద కుట్టించుకుని వచ్చాడు. ముక్కు గుమ్మడి పిందెంత ఉబ్బింది. భూమ్మీద ఇన్నాళ్ళకు ఈగ కుట్టిన మొదటి మనిషి తనేనని సాయంత్రం దాకా గర్వంగా తిరిగాడు.


అదే రోజు, సాయంత్రం.

సంతోషం చీకటి పడేదాకా కూడా నిలవలేదు.

సభలో బక్కన్న లేచి నిలబడ్డాడు. ఆయన మాట్లాడేది తక్కువ, మాట్లాడితే పనిలో తప్పు గురించే. ఇవాళ చాలా మాట్లాడాడు. తుట్టె కింద పచ్చి ఆకులతో పొగపెడదామన్నాడు. చంపడం కాదు, పొమ్మనడమే. ఊళ్ళోవాళ్ళు ఇంకా చూడలేదు. చూశారంటే మన కుంచెలకు ఈ ఊళ్ళో పని లేదు, తర్వాత ఏ ఊళ్ళోనూ ఉండదు.

నేను లేచాను. పువ్వులు దిక్కులేక మన కోసం చూస్తేనే బతికే సంఘం సంఘం కాదు, ముఠా కట్టిన కాంట్రాక్టరు అన్నాను. ఈ ఊళ్ళవాళ్ళ తాతలు మందు కొట్టి చంపితే మనం తిట్టుకుంటూ బతికాం, ఇప్పుడు మన చేతుల్తో మనమే చేస్తే ఇన్నేళ్ళ మన కోపానికి అర్థమేమిటన్నాను. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళు కూడా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"సమతా, నువ్ మాట్లాడితే ఇనసొంపుగనే ఉంటది. రేపు గిన్నెల ఏం పోస్తవ్?" అన్నాడు బక్కన్న.

కోపం వచ్చి నా చోట కూర్చున్నాను. రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం గంట కొట్టాక ఓటు పెట్టాలని తీర్మానం అయింది.


బీర పూత మొదలు.

పొద్దునే లస్మవ్వ తోటకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచి బేరమాడడం నాకు చేతకాదు. ఆమె ట్యాంకు దాకా నడిచి, తల ఎత్తి చాలాసేపు చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అచ్చం తోటల సంఘం పెద్దలాగే అంది, అయితే మీకు జొన్నలు ఎందుకివ్వాలని.

అప్పుడు నేను ఇన్నాళ్ళూ ఉపన్యాసాల్లో చెబుతున్నదే, ఈసారి ఒక్క మనిషితో చెప్పాను. పని తేలికైన ప్రతిసారీ ఈ లోకం ఏం చేసింది? చేసేవాళ్ళను తీసేసింది. ఆ తేలిక, పని చేసేవాడి ఒంటికి ఎప్పుడైనా తగిలిందా? నా నడుం చూడు, మా ముఠాలో ఆడవాళ్ళ మోకాళ్ళు చూడు. ఒక్కసారి, ఒక్క ఊళ్ళో, కష్టం తగ్గిన లాభాన్ని కష్టపడ్డవాళ్ళకే వదిలేయరాదా? మా బతుకులో సగం బరువు దిగితే నీకు సంతోషం లేదా?

"సంతోషమే బిడ్డా. సంతోషానికి జొన్నలు కొలువాల్నా?"

నాకు నవ్వొచ్చింది. కోపంలో ఉండగా నవ్వడం చాలా ఇబ్బంది. ఆమె నవ్వలేదు. పాదులోకి దిగి, ఒక తీగ ఎత్తి చూపించింది. ఒక్క తీగకు ఏడు పిందెలు. మా కుంచెలు ఎంత ఓపికగా అద్దినా తీగకు మూడు మించి నిలిచిన ఏడాది లేదు.

"ఇవన్ని కాయలైతే ఎవ్వలు మొయ్యాలె? మీరు పూత రాంగనే వస్తరు, పూత పోంగనే పోతరు. పిందెకు నీళ్ళెవ్వలు పెడ్తున్నరు? కాయ మట్టి మీద పండి కుళ్ళకుంట కింద గడ్డెవ్వలు పరుస్తున్నరు? మా ఊళ్ళె ఉన్నది ముసలోళ్ళు. గీ ఎండకాలం ఎట్లుంటదో మీకెరుకనా?"

తెలియదు. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, ప్రపంచంలో ప్రతి అన్యాయం గురించీ అభిప్రాయం ఉన్నదాన్ని, ఒక గుమ్మడికాయ పండడం ఎన్నడూ చూడలేదు. పువ్వు దగ్గర పని ముగించుకుని పోతూ అదే పని మొత్తం అనుకున్నాను.

పాదు గట్టు మీదే కూర్చుని మాట్లాడుకున్నాం. ఎండ ఎక్కింది, లేవలేదు. చివరికి కుదిరింది ఇదీ: బండిలో సగం మంది కాయ కోసేదాకా ఇక్కడే ఉంటారు. దారం లెక్క ఉండదు. నీళ్ళు పెట్టడం, గడ్డి పరచడం, కాయ దించడం మా పని. ఎండ ముదరగానే నీడకు వచ్చేయాలి, అది హక్కు. జొన్నలు పోయిన ఏళ్ళలాగే నిండుగా, పైగా కాయల్లో వాటా. ఊరు ఏ తోటలోనూ మందు కొట్టదు. ఈగలకు వెడల్పు మూకుళ్ళలో నీళ్ళు పోసి, మునగకుండా గులకరాళ్ళు వేస్తుంది. పూత అయిపోయాక అవి లేచి ఎటో పోతే ఎలాగని నేను అడిగాను.

"పోతె మళ్ళొస్తయి. మీరొస్తలేరా?" అంది లస్మవ్వ.


బీర పూత. ఓటు రోజు.

లస్మవ్వ మాట సభకు చెప్పాను. సగం మంది మొహాలు విప్పారాయి. మిగతా సగానికి నమ్మకం కుదరలేదు. ఊళ్ళు మాటిచ్చి తప్పిన చరిత్ర మాకు చాలా ఉంది, అందులో సగం నేనే గ్రంథస్థం చేశాను కాబట్టి వాళ్ళను తప్పు పట్టలేకపోయాను. ఒక్క బక్కన్న కుర్చీ ఖాళీగా ఉంది. తెల్లవారగానే పచ్చి ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని ట్యాంకు వైపు వెళ్ళాడని రాజలింగు చెప్పాడు.

ఓటు కూడా కాకముందే పొగపెట్టేశాడనుకున్నాను. సభ వదిలి పరుగెత్తబోతుంటే ఎదురొచ్చాడు. నెత్తిన మోపు లేదు. ముఖం చెమట, అంగీ నిండా గుమ్మడి పుప్పొడి. తిన్నగా వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎక్కడ పొగబెట్టాల్నో సూద్దామని పోయిన. సూస్తె ఒకటి ఎల్లింది. దాని ఎంబడి తోటలకు పోయిన," అన్నాడు.

అంగీకి అంటిన పుప్పొడి దులుపుకుంటూ మళ్ళీ అందుకున్నాడు.

"ఆకు సాటుకు ఉన్న పువ్వును మనోళ్ళు ఇడుస్తరు. నేనెన్నిసార్లు తిట్టిన? అది ఇడ్వలె. ఆకు కింద దూరి పోయింది. ఒక పువ్వు కాడ మల్ల రెండోసారి ఆగలె. పొద్దటి సంది సూసిన, తప్పు దొరకలె."

"అంటె?" అన్నాను.

"పనోళ్ళే," అన్నాడు బక్కన్న. "పనోళ్ళ మీద పొగబెట్టుడు నాతోని గాదు."

ముప్ఫై ఏళ్ళుగా ఆయన కింద పని చేస్తున్నవాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ దక్కని మాట అది. కొందరికి నిజంగానే అసూయ కలిగింది, ముఖాల్లో కనబడింది. ఓటు పెట్టాం. పొగకు ఒక్క చెయ్యి లేవలేదు, లస్మవ్వ ఒప్పందానికి చాలా చేతులే లేచాయి.

తర్వాత రాజలింగు, వాపు దిగని ముక్కుతో లేచి, ఈగలకు సంఘ సభ్యత్వం ఇవ్వాలని ప్రతిపాదించాడు. నా కరపత్రంలో రాతపూర్వకంగా పిలిచాం కదా, మాట తప్పుతామా అన్నాడు. నేను వ్యతిరేకించాను. అంగీకారం లేకుండా ఎవరినీ సభ్యులుగా చేర్చుకోకూడదు, అది మా నిబంధనల్లో మొదటిది. వాటి అంగీకారం రాజలింగు ముక్కు మీద ఉందిగా అని ఎవరో అరిచారు. వాదన అంబలి చల్లారేదాకా సాగింది. ఇంత ఆనందంగా నేను ఏ తీర్మానాన్నీ ఓడించలేదు. "తోటి పనివాళ్ళు" అనే మాట దగ్గర రాజీ పడ్డాం.


వేప పూత.

మూడు పెట్టెలు విప్పి పక్క పట్టాల మీద నిలిపాం. తక్కిన బండి రాజలింగుతో ఉత్తరానికి కదిలింది. పై ఊళ్ళలో ఈగలున్నాయో లేవో ఎవరికీ తెలియదు, అక్కడి పూలు మా వాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. బక్కన్న వాళ్ళతోనే పోయాడు. ఏ ఊళ్ళో తుట్టె కనబడినా ముందు ఊరిపెద్దను పిలిచి చూపించి, ఆ తర్వాతే కుంచెలు దించాలని ముఠాలకు చెప్పాడట. కార్యదర్శినైన నన్ను సంప్రదించకుండానే. దీనిపై నా అభ్యంతరం ఇక్కడ నమోదు చేస్తున్నాను. మాట మాత్రం సరైనదే.

ఇక్కడ మిగిలినవాళ్ళం గడ్డి కోయడం నేర్చుకుంటున్నాం. ఎవరికీ చేతకావడం లేదు. లస్మవ్వ గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వేప పూత వాసన పెట్టెల్లోకి కూడా వస్తోంది. పూసిన కొమ్మ కింద నిలబడితే పైన రొద. ఏ చెట్టుకు ఎవరు అద్దాలో మేం పంచుకోలేదు, ఎవరూ మమ్మల్ని అడగలేదు.


వేప పూత, మర్నాడు.

ఇవాళ్టి దినచర్య ఆలస్యంగా రాస్తున్నాను. పొద్దు బారెడెక్కింది. తోటలో పని తెల్లవారుజామునే మొదలైంది, బాగా సాగుతోంది, కిటికీలోంచి ఆ రొద వినబడుతోంది.

ఆలస్యానికి కారణం: కార్యదర్శి నిద్రపోయింది. మూడు పెట్టెల్లో తక్కినవాళ్ళు ఇంకా లేవలేదు. లేపమని ఎవరూ అడగలేదు, నేను లేపను.